పిల్లలతో కలిసి వినే కథలు

పిల్లలకు ఆడియో పుస్తకం పెట్టి మన పని మనం చూసుకోవచ్చని అనుకునేవారు చాలామంది ఉన్నారు. గంటల తరబడి ఫోన్‌లో వీడియోలు చూడటం కంటే అది మేలే, అందులో సందేహం లేదు. అయితే మన ఇళ్ళల్లో కథ చెప్పడానికి ఒక పద్ధతి ఉంది: వినేవాళ్ళు ఊఁ కొట్టాలి. ఊఁ వినిపించకపోతే తాతయ్యో అమ్మమ్మో కథ ఆపి "నిద్రపోయావా?" అని అడిగేవారు. ఊఁ బదులు "ఎందుకు?" అని వినిపిస్తే కథ కాసేపు పక్కకు జరిగి, ఆ సందేహం తీర్చి, మళ్ళీ దారిలోకి వచ్చేది. రికార్డు చేసిన గొంతుకు ఆ వీలు లేదు. పిల్లవాడు ఊఁ కొట్టినా తెల్లమొహం వేసినా అది తన ధోరణిలో సాగిపోతుంది. అందుకే ఆ ఊఁ వినడానికి పెద్దవాళ్ళెవరైనా పక్కన ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

మేము ఎక్కువగా వినేది కారులో. మా అత్తయ్యగారు జనగామలో ఉంటారు. హైదరాబాద్ నుంచి ఉప్పల్ రద్దీ దాటి, ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, ఆలేరు మీదుగా వెళ్ళే ఆ దారిలో ఒక పెద్ద కథ గానీ, రెండు మూడు చిన్న కథలు గానీ హాయిగా పూర్తవుతాయి. ఒకసారి ఏడు సముద్రాల అవతల రాక్షసుడి కోట ఉన్న జానపద కథ వింటూ ఉండగా భువనగిరి వచ్చింది. అక్కడ ఊరి మీదకు లేచి నిలబడే ఏకశిల కొండను, దాని మీద చాళుక్యుల నాటి కోటను చూసినవారికి తెలుసు, కళ్ళు తిప్పుకోవడం కష్టం. మా చిన్నవాడు కిటికీ అద్దానికి ముఖం ఆనించి, "అమ్మా, రాక్షసుడు ఉండేది దాని మీదనేనా?" అని అడిగాడు. నేను కథ ఆపాను. రాక్షసుడు కొండ మీదకు ఎలా ఎక్కుతాడు, అంత నున్నని బండ మీద కాలు జారదా, నీళ్ళు ఎక్కడ తాగుతాడు అని అక్కాతమ్ముళ్ళిద్దరూ ఆలేరు దాకా వాదించుకున్నారు. అదే కథను తెర మీద చూసి ఉంటే రాక్షసుడి కోట ఎలా ఉండాలో ఇంకెవరో గీసి ఇచ్చేసేవారు. వినడంలో ఆ పని పిల్లల మీదే పడుతుంది, వాళ్ళకు తెలిసిన కొండలు, చెరువులు, సందులు అన్నీ కథలోకి వచ్చి చేరతాయి. నాకు ఈ విషయంలో అన్నిటికంటే ప్రియమైనది ఇదే.

"వినడం చదవడంతో సమానమా?" అని కొందరు తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఆడియో పుస్తకాలు 1930లలో అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ చూపు లేనివారి కోసమే తయారయ్యాయి. మన దేశంలో కూడా 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం అచ్చు పుస్తకం చదవలేనివారి కోసమే పనిచేస్తోంది. వాళ్ళు పుస్తకాలు చదివినవారు కారని మనం అనగలమా? ఇక పిల్లల సంగతికి వస్తే, గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో ఒక సూత్రం ప్రతిపాదించారు. చదివి అర్థం చేసుకోగలగడం అనేది రెండు శక్తుల లబ్ధమని వారు చెప్పారు: అక్షరాలను గుర్తించి పదాలుగా పలకగలగడం ఒకటి, విన్న భాషను అర్థం చేసుకోగలగడం రెండవది. రెండింటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే. హైదరాబాద్‌లో ఇంగ్లీషు మీడియంలో చదివే తెలుగు పిల్లలకు ఈ మాట సరిగ్గా వర్తిస్తుంది. 2018లో తెలంగాణ తెచ్చిన చట్టం వల్ల బడుల్లో తెలుగు తప్పనిసరి అయింది, గుణింతాలు, ఒత్తులు బడి నేర్పుతుంది. కానీ ఆ అక్షరాల వెనుక ఉన్న పదసంపద ఇంట్లోనే చెవిన పడాలి. "పాలు తాగు, బ్యాగు సర్దు, ఆటో వచ్చింది" వంటి మాటలతోనే రోజు గడిచిపోయే ఇంట్లో పొలిమేర, కవ్వం, గాదె వంటి మాటలు వినిపించే సందర్భం ఎక్కడుంది?

ఆ గాదె దగ్గరే ఒక సాయంత్రం జనగామలో మా కథ ఆగింది. రైతు గాదె నిండిందని కథకుడు అనగానే, అదేమిటని పెద్దది అడిగింది. నేను నోరు తెరిచేలోపే అత్తయ్యగారు, "మన గరిసె అసొంటిదే బిడ్డా, వడ్లు పోసుకునేది" అంటూ తమ చిన్నప్పటి ఇంట్లో అది ఎక్కడ ఉండేదో, ఎంత ఎత్తు ఉండేదో చెయ్యెత్తి చూపించారు. వెదురు అల్లి, మట్టితో మెత్తిన ఆ గరిసెలోకి పిల్లలు దిగి వడ్లు తోడేవారట. మిగిలిన కథ మరునాడు విన్నాము.

కథను ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది గొంతు. ళకూ లకూ, ణకూ నకూ తేడా తెలిసేలా పలికే గొంతు, ఎక్కడ ఆగాలో తెలిసిన గొంతు కావాలి. సంగీతం మాట మీదకు ఎక్కకూడదు. ప్రతి వాక్యానికీ పిడుగులు, తలుపు చప్పుళ్ళు వినిపించే కథలను మేము పక్కన పెట్టేస్తాము. ఐదేళ్ళ పిల్లలకు పది పదిహేను నిమిషాలు చాలు. ఎనిమిదేళ్ళు దాటినవారికి రోజుకొక అధ్యాయం చొప్పున సాగే పుస్తకం ఇస్తే, రేపటి కోసం ఎదురుచూడటం కూడా ఆనందమే. ఇంకొక మాట: వినేటప్పుడు కదలకుండా కూర్చోమని పిల్లలను బలవంతపెట్టకూడదు. చేతులకు పని ఉంటే చెవులు బాగా పనిచేస్తాయి. సంక్రాంతి ముందు రోజుల్లో పచ్చి కందికాయలు ఒలిచే పని మా ఇంట్లో కథల వేళకే పెట్టుకుంటాము. కథ మామూలుగా నడుస్తున్నంతసేపు గింజలు టపటపా గిన్నెలో పడుతుంటాయి, పులి పొద వెనుక నుంచి లేచే చోట నాలుగు చేతులూ ఒక్కసారి ఆగిపోతాయి.

తెలుగు ఆడియో పుస్తకాలకు దాసుభాషితం, స్టోరీటెల్ వంటి యాప్‌లు ఉన్నాయి. లిబ్రివాక్స్ అనే వెబ్‌సైట్‌లో 2005 నుంచి స్వచ్ఛందంగా చదివేవారు కాపీరైటు ముగిసిన పుస్తకాలను ఉచితంగా అందిస్తున్నారు. అక్కడ ఎక్కువ భాగం ఇంగ్లీషే. ఇయర్‌ఫోన్లు పిల్లలకు నేను ఇవ్వను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో విడుదల చేసిన ప్రమాణం ప్రకారం పిల్లలు వారానికి 40 గంటలకు మించకుండా, అదీ 75 డెసిబెల్స్ దాటని శబ్దంతోనే వినాలి. చిన్న స్పీకర్ గది మధ్యలో పెడితే ఆ లెక్కల అవసరమూ ఉండదు, అందరమూ ఒకే కథలో ఉంటాము.

మన నగరానికి ఈ కలిసి వినడం కొత్త కాదు. రేడియో అన్నయ్యగా పేరుపొందిన న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి దంపతులు ఆకాశవాణి బాలానందం ద్వారా ఎన్నో తరాల పిల్లలను రేడియో చుట్టూ కూర్చోబెట్టారు. ఆ కార్యక్రమంలో పిల్లలే పాడేవారు, పిల్లలే నాటికలు వేసేవారు, కాబట్టి వినే పిల్లలకు అవతల ఉన్నది తమవాళ్ళే అనిపించేది. ఈనాటి ఆడియో కథల్లో నాకు కొరతగా కనిపించేది అదే. చదివేవారి భాష చక్కగా ఉంటుంది, కానీ మా అత్తయ్యగారిలా "గట్లనే", "అసొంటిదే" అనే గొంతు అరుదుగా వినిపిస్తుంది. తెలంగాణ ఊళ్ళ పలుకుబడిలో పిల్లల కథలు ఇంకా ఎన్నో రావాలి, ఎవరైనా పూనుకుంటే నేను మొదటి శ్రోతను.

ఈలోగా ఆ పని మేమే ఇంట్లో మొదలుపెట్టాము. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లోని కథలు రచయిత పేరు చెప్పి ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోవచ్చు కాబట్టి, అక్కడి తెలుగు కథలను పెద్దది చదువుతుంటే నేను ఫోన్‌లో రికార్డు చేస్తున్నాను. అత్తయ్యగారికి వాళ్ళ అమ్మ చెప్పిన కథలను ఆమె మాటల్లోనే భద్రపరుస్తున్నాము. ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, ఫోన్‌ను మడత పెట్టిన తువ్వాలు మీద ఉంచితే మాట స్పష్టంగా వస్తుంది. మధ్యలో చిన్నవాడు కొట్టే ఊఁలను, అడిగే ప్రశ్నలను తీసేయవద్దని అందరం అనుకున్నాము. పేదరాశి పెద్దమ్మ కథ ఒకటి పూర్తయింది, వేసవి సెలవుల్లో మిగతావి.