మీటరు మింగిన 20 కిలోమీటర్లు

"27 లీటర్లు పట్టిందన్నా" అన్నాడు కావలి బంకులో కుర్రాడు. మీటరు చూస్తే 280 కిలోమీటర్లు. లీటరుకు పదిన్నర కూడా రాలేదు. ఇదివరకు 12 ఇచ్చిన పికప్ ఇది!

కొత్త టైర్లను తిట్టుకుంటూ బయలుదేరాను. 28 అంగుళాల ఎత్తువి తీసేసి 30వి వేయించి నెల కూడా కాలేదు. హైవే మీద ఊరికే రాళ్లు లెక్కపెట్టాను. 15 కిలోమీటరు రాళ్లు దాటితే మీటరు 14 మాత్రమే తిరిగింది. పెద్ద టైరు ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, మీటరుకేమో చుట్లే తెలుసు. అంటే నేను తిరిగింది 300. లీటరుకు 11.

(75 చూసుకుని బుద్ధిగా పోతున్నాననుకున్న రోజుల్లో నిజానికి 80లో పోతున్నానన్నమాట.)

ఆ మిగిలిన ఒక్క కిలోమీటరు మాత్రం నిజంగానే పోయింది. టైరు బరువు, పెరిగిన బండి ఎత్తుకు తగిలే గాలి. రొయ్యల మేత బస్తాలతో చెరువు గట్టు ఎక్కాలంటే, రెండో గేరులో పోయే చోట ఇప్పుడు మొదటి గేరులో మూలుగుతోంది.

క్రౌను, పినియన్ (ఇరుసులో చక్రాలను తిప్పే పళ్ల చక్రాల జత) మార్చమంటాడు మెకానిక్. అమెరికా పికప్‌లకు పెద్ద టైర్లు వేసినవాళ్లు చక్రం ఒక్క చుట్టుకు షాఫ్టు 3.73 చుట్లు తిరిగే జత తీసి 4.10 చుట్లది వేసుకునేది ఇందుకే. లాగుడు తిరిగి వస్తుంది, నిజమే. కానీ హైవే మీద ఇంజను చుట్లూ పెరుగుతాయి. నా తిరుగుడులో సగం ఖాళీ బండే.

అంత ఖర్చెందుకు, పాత టైర్లే ఎక్కిద్దామని ఇంటికొచ్చి చూస్తే, ఒకదానిలో మా ఆవిడ మల్లె మొక్క నాటేసింది.