ఇండియా మన లిస్టులో ఎన్నో దేశం?

ఉద్యోగానికి ఏడాది సెలవు పెట్టి, పిల్లల్ని వెంటబెట్టుకుని నాలుగైదు దేశాలు తిరిగొద్దామనుకున్న ప్రవాస కుటుంబాల్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న వస్తుంది. ఫ్రిజ్ మీద అంటించిన కాగితం చూసి పిల్లలు అడుగుతారు: “ఇండియా మన లిస్టులో ఎన్నోది?” పోర్చుగల్ ఒకటి, టర్కీ రెండు, ఇండియా మూడు, వియత్నాం నాలుగు. వాళ్ల లెక్కలో తప్పేం లేదు. వాళ్లు పుట్టింది అక్కడ కాదు, పెరుగుతున్నదీ అక్కడ కాదు. అయినా వినగానే అమ్మానాన్నలకు మనసు చివుక్కుమంటుంది. అమ్మమ్మ, నాన్నమ్మ ఉన్న చోటు వాళ్లకు మూడో నంబరు ఎప్పుడైంది?

ఆ జవాబు కోసమే కూర్చుంటే ప్రయాణం కదలదు. ముందు ఇంట్లోని పాస్‌పోర్టులన్నీ బల్లమీద పరచండి. మన ఇళ్లలో అవి ఒకే రంగులో ఉండవు. అమ్మానాన్నలవి ఇండియన్ పాస్‌పోర్టులు, పిల్లలవి అమెరికావో బ్రిటన్‌వో అయి ఉంటాయి. ప్రయాణం తీరు ఎలా ఉండాలో మన ఇష్టాల కంటే ముందు తేల్చేది ఇదే. అమెరికా పాస్‌పోర్టున్న పిల్లలు షెంజెన్ దేశాల్లో (ఒకే వీసాతో, మధ్యలో సరిహద్దు తనిఖీలు లేకుండా తిరగగలిగే యూరప్ దేశాలు) వీసా లేకుండా 90 రోజులుండొచ్చు. తల్లిదండ్రుల వీసా స్టిక్కరు మీద మాత్రం ఉండాల్సిన రోజులు విడిగా రాసి ఉంటాయి. అది 25 కావచ్చు, 40 కావచ్చు. స్టిక్కరు మీద తేదీలు ఆర్నెల్లు కనిపించినా ఉండగలిగేది ఆ రోజుల అంకె మేరకే. కాబట్టి కుటుంబంలో అందరికంటే తక్కువ రోజులు ఎవరికొచ్చాయో అదే అందరి గడువు. టర్కీ కూడా అంతే. అమెరికా పాస్‌పోర్టుకు 90 రోజుల దాకా వీసా అక్కర్లేదు. ఇండియన్ పాస్‌పోర్టుకు ఈ-వీసా రావాలంటే అమెరికా, బ్రిటన్, ఐర్లాండ్, షెంజెన్‌లలో ఒకచోటి చెల్లుబాటయ్యే వీసా గానీ, నివాస అనుమతి గానీ ఉండాలి. వచ్చేది 30 రోజులకే. అమెరికాలో ఉద్యోగ హోదా మంజూరైందని ఇచ్చే ఐ-797 కాగితం చేతిలో ఉన్నా, పాస్‌పోర్టులో స్టాంపు గడువు తీరిపోయి ఉంటే అది వీసా కిందికి రాదు.

షెంజెన్ లెక్కలో చాలామంది బోల్తా పడేది ఒకచోటే. 180 రోజుల్లో 90 అంటే ఆరు నెలలకోసారి మీటరు సున్నాకు తిరుగుతుందనుకుంటారు. అలా తిరగదు. ఏ రోజు లెక్క చూసినా ఆ రోజుతో కలిపి వెనక్కి 180 రోజులు లెక్కపెట్టి, అందులో లోపలున్న రోజులు 90 దాటకూడదు. వచ్చిన రోజు, వెళ్లిన రోజు రెండూ లెక్కలోకే వస్తాయి. మార్చి 1న దిగి ఏకబిగిన ఉంటే 90వ రోజు మే 29. ఆ రోజే బయటపడాలి. మళ్లీ అడుగుపెట్టగలిగేది ఆగస్టు 28న, ఎందుకంటే మార్చి 1 ఆ రోజుకు లెక్కలోంచి జారిపోతుంది. మధ్యలో వారాంతానికి లండన్ వెళ్లొస్తే ఆ రెండు మూడు రోజులు మిగులుతాయంతే, లెక్క కొత్తగా మొదలవదు. బ్రిటన్, ఐర్లాండ్, సైప్రస్, అల్బేనియా, సెర్బియా షెంజెన్‌లో లేవు. బల్గేరియా, రొమేనియా మాత్రం 2025 జనవరి 1 నుంచి పూర్తిగా చేరిపోయాయి, పాత సలహాలు నమ్ముకుని అక్కడ రోజులు గడపాలనుకునేవాళ్లు చూసుకోవాలి. షెంజెన్ సరిహద్దుల్లో 2025 అక్టోబరు 12 నుంచి పాస్‌పోర్టు మీద వేసే ముద్రల స్థానంలో కంప్యూటరు నమోదు దశలవారీగా మొదలైంది. పన్నెండేళ్లలోపు పిల్లల వేలిముద్రలు తీసుకోరు, ఫొటో మాత్రం తీస్తారు. పిల్లలు గడువు దాటినా పెద్దలు దాటినట్టే నమోదవుతుంది.

ఇంకో ఇబ్బంది, దారిలో ఉండగా షెంజెన్ వీసాకు దరఖాస్తు చేయడం. మామూలుగా మీరు చట్టబద్ధంగా నివాసముంటున్న దేశంలోనే దరఖాస్తు తీసుకుంటారు. హనోయ్‌లో కూర్చుని ‘వచ్చే నెల ఇటలీ వెళ్దాం’ అనుకుంటే తల్లిదండ్రులకు కుదరకపోవచ్చు, పిల్లలకేమో ఏ అడ్డూ ఉండదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. అందుకే యూరప్‌ను ప్రయాణం మొదటి సగంలో పెట్టుకోవడం మేలు. వియత్నాంలాంటి చోట్ల 2023 ఆగస్టు నుంచి అన్ని దేశాల పాస్‌పోర్టులకూ 90 రోజుల ఈ-వీసా ఉంది కాబట్టి అలాంటివి చివరికి పెట్టుకోవచ్చు.

తిరిగి రావడానికి మీకున్న హక్కు సంగతి కూడా బయల్దేరకముందే చూసుకోవాలి. గ్రీన్‌కార్డున్నవాళ్లు ఏడాదికి మించి బయటుండాలంటే రీఎంట్రీ పర్మిట్ కావాలి. దాని ఐ-131 దరఖాస్తు అమెరికాలో ఉండగానే వేయాలి, విమానమెక్కాక గుర్తొస్తే లాభం లేదు. ఆరు నెలలు దాటితేనే పౌరసత్వానికి కావలసిన నిరంతర నివాసం మీద అనుమానం మొదలవుతుంది. ఏడాది అయితే అది తెగిపోతుంది. కెనడా పీఆర్ నిలవాలంటే ఐదేళ్లలో 730 రోజులు అక్కడుండాలి. బ్రిటన్ శాశ్వత నివాసానుమతి మామూలుగా వరసగా రెండేళ్లకు మించి బయటుంటే పోతుంది.

పేర్ల దగ్గర మన తెలుగువాళ్లకు వచ్చే చిక్కు ఇంకెవరికీ రాదేమో. ఇంటిపేరు ఒకరికి ముందు, ఒకరికి వెనక. ఒకరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే గడిలో ఉంటుంది. తల్లి ఇంటిపేరు ఒకటి, పిల్లలది ఇంకొకటి. టికెట్టు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. రెండు గడులూ కలిపి ఒక్క పదమే పేరుగా ఉన్నవాళ్లను పర్యటన వీసాల మీద రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులో చెప్పింది. దుబాయి మీదుగా వెళ్తూ అక్కడ నాలుగు రోజులు ఆగుదామనుకునేవాళ్లు ముందే సరిచూసుకోవాలి. తల్లి ఒక్కతే పిల్లలతో సరిహద్దు దాటే రోజున జనన ధృవపత్రం అసలు కాపీ, తండ్రి సంతకంతో నోటరీ చేయించిన సమ్మతి లేఖ చేతిసంచిలోనే ఉండాలి. చెక్‌-ఇన్ సామానులోకి వెళ్లిన కాగితం అధికారి అడిగినప్పుడు లేనట్టే లెక్క.

పదహారేళ్లలోపు వాళ్ల అమెరికా పాస్‌పోర్టు ఐదేళ్లకే ఇస్తారు. చాలా ఆసియా దేశాలు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలంటాయి కనుక అది పనికొచ్చేది నాలుగున్నరేళ్లే. కొత్తది తీసుకున్నప్పుడల్లా ఇరవయ్యేళ్లలోపు పిల్లల ఓసీఐకి (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇండియా ఇచ్చే కార్డు) కొత్త పాస్‌పోర్టు కాపీ, కొత్త ఫొటో మూడు నెలల్లో పోర్టల్‌లో ఎక్కించాలి. దానికి రుసుము లేదు, మరిచిపోవడమే తేలిక.

ఈ కాగితాల పనంతా తెమిలాక అసలు ప్రశ్న: ఒక్కోచోట ఎన్నాళ్లు? మూడు వారాలకు తగ్గించకండి. పిల్లల్ని అలసట పెట్టేది దూరం కాదు, మార్పుల సంఖ్య. మొదటి వారం సరుకుల కొట్టు, మందుల షాపు, బట్టలుతికే చోటు వెతకడానికీ, నిద్రవేళలు కుదురుకోవడానికీ పోతుంది. తూర్పు వైపు ప్రయాణమైతే నిద్ర కుదరడం ఇంకా కష్టం. గంట తేడాకు సుమారు ఒక రోజు చొప్పున వేసుకోండి. రెండో వారంలో పిల్లలు దారి గుర్తుపడతారు, “ఇటు కాదు, అటు” అని మనకే చెబుతారు. మూడో వారంలో పార్కులో పేరుతో పిలిచే ఒక నేస్తం దొరుకుతుంది. దీర్ఘ ప్రయాణంలో ఉన్న సంతోషం పిల్లలకు అక్కడే మొదలవుతుంది. పదిరోజులకోసారి పెట్టె సర్దితే ఆ మూడో వారం ఎప్పటికీ రాదు. రోజూ ఒకే పార్కుకు, ఒకే వేళకు వెళ్లండి. చుట్టుపక్కల పిల్లలు బడి నుంచి వచ్చి ఆడుకునే సాయంత్రం వేళ చూసుకోండి. మ్యూజియాలు వారానికి ఒకటి చాలు. చూడాల్సినవి చూడలేదన్న బాధ పెద్దలది, పిల్లలకు అది ఉండదు.

మందుల సంచి విషయంలో మాత్రం ఏ సడలింపూ వద్దు. పిల్లల జ్వరం సిరప్‌నే తీసుకుందాం. అమెరికాలో అసిటమినోఫెన్ అంటారు, మిగతా చాలాచోట్ల పారాసిటమాల్, రెండూ ఒకటే మందు. గాఢత మాత్రం ఒకటి కాదు. అమెరికా సీసాలో 5 మి.లీ.కు 160 మి.గ్రా. ఉంటుంది. ఇండియాలో, బ్రిటన్‌లో 120 ఉన్నవీ దొరుకుతాయి, 250 ఉన్నవీ దొరుకుతాయి. చుక్కల సీసాల్లోనయితే ఒక్క మి.లీ.కే 100 మి.గ్రా. ఉండొచ్చు. మోతాదు కిలోకు 10 నుంచి 15 మి.గ్రా. అంటే 15 కిలోల బిడ్డకు ఒక్కసారికి 150 నుంచి 225. అలవాటు ప్రకారం ‘ఐదు మి.లీ.’ పోస్తే అమెరికా సీసాతో 160 పడుతుంది, సరిపోయింది. 250 సీసాతో హద్దు దాటింది. చుక్కల మందు అదే కొలతలో పోస్తే 500 అవుతుంది, రెట్టింపు కంటే ఎక్కువ. అర్ధరాత్రి జ్వరంతో మూలుగుతున్న బిడ్డ పక్కన ఈ గుణకారాలు సాగవు. అందుకే ప్రతి బిడ్డ బరువు, ఒక్కసారికి ఎన్ని మిల్లీగ్రాములు అన్నది కార్డు మీద రాసి సంచికి కట్టండి, మి.లీ.లు కాదు. కొత్త సీసా కొన్న రోజే లేబులు చూసి ఎన్ని మి.లీ. అవుతుందో దాని మీద మార్కరుతో రాయండి. డోసుకూ డోసుకూ మధ్య కనీసం నాలుగు గంటలు, రోజుకు నాలుగు డోసులకు మించకూడదు. ఏడీహెచ్‌డీకి యాంఫెటమిన్ మందు వాడే పిల్లలుంటే జపాన్‌కు ఆ మందు తీసుకెళ్లడం నిషిద్ధం. డాక్టరు చీటీ ఉన్నా కుదరదు. దారి గీసేటప్పుడే డాక్టరుతో మాట్లాడాలి.

టీకాల కోసం బయల్దేరడానికి రెండు నెలల ముందే వెళ్లండి. విదేశాల్లో పెరిగిన పిల్లలు తాతగారింటికి వెళ్లినప్పుడు టైఫాయిడ్ తగులుకునే ప్రమాదం మామూలు పర్యాటకుల కంటే ఎక్కువ. మన ఇల్లే కదా అని నీళ్ల దగ్గర జాగ్రత్త సడలిస్తాం. దారిలో కెన్యా, ఉగాండా, బ్రెజిల్ లాంటి దేశాలుంటే ఎల్లో ఫీవర్ ధృవపత్రం లేకుండా ఇండియాలో దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేసిన పదో రోజు నుంచి ధృవపత్రం చెల్లుతుంది, 2016 జులై నుంచి అది జీవితాంతం చెల్లుతుంది. ఈ టీకాను ఎంఎంఆర్‌తో (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) కలిపి ఒకేరోజు వేయించకపోతే రెండింటికీ మధ్య నాలుగు వారాల ఎడం ఉండాలి.

చదువు సంగతి మీరున్న చోటి చట్టాన్ని బట్టి ఉంటుంది. టెక్సస్‌లో ఇంట్లో చదివించడానికి ప్రభుత్వం దగ్గర నమోదు అక్కర్లేదు. న్యూయార్క్‌లో బోధన ప్రణాళిక, మూడు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి. జర్మనీలో నివాసముంటూ బడి మాన్పించడం దాదాపు అసాధ్యం. రోజూ 40 నిమిషాల లెక్కలు వదలకపోతే మిగతావి పూడ్చుకోవచ్చు.

ఇక భాష. బడి ఉన్న ఊళ్లో తెలుగులో అడిగితే ఇంగ్లిష్‌లో జవాబిచ్చే పిల్లలు లిస్బన్ ట్రామ్‌లో తమంతట తామే తెలుగులోకి దిగుతారు. ఎదురు సీటాయన టోపీ గురించి చెప్పాలన్నా, బాత్రూమ్ వస్తోందని చెప్పాలన్నా ఇంగ్లిష్ పనికిరాదు, అందరికీ అర్థమైపోతుంది. ఇంట్లో ఏళ్ల తరబడి బతిమాలినా రానిది ఒక నెలలో వస్తుంది. అది చూసి పొంగిపోతాం. ఆ ఉత్సాహంలో ఓ నియమం పెడతాం, భోజనాల దగ్గర తెలుగే మాట్లాడాలని. లెక్కల పాఠం త్వరగా తేలాలంటే మనమే ఇంగ్లిష్‌లోకి మారిపోతాం. అమ్మమ్మ వీడియో కాల్‌లో కనిపించగానే మళ్లీ తెలుగు పట్టుబడతాం. పిల్లలు ఇది గమనిస్తారు. తిరిగొచ్చి బడిలో చేరిన మూడు నాలుగు వారాలకు ఆ ట్రామ్ తెలుగు కూడా సన్నగిల్లుతుంది. మరి అది నిలవాలంటే ఏం చేయాలో చెప్పడానికి నా దగ్గర ఖచ్చితమైన పద్ధతి లేదు.

ఇండియాను ఎక్కడ పెట్టాలన్నదానికి మాత్రం నాకో అభిప్రాయం ఉంది. చివర పెట్టకండి. అప్పటికి పిల్లలు అలసి ఉంటారు, కనిపించిన ప్రతి మొహమూ ఇంకో కొత్త మొహమే అవుతుంది. మధ్యలో, కనీసం ఆరు వారాలు. ఎండలు మండినా మే నెలే నయం. తెలుగు రాష్ట్రాల్లో బడులకు ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులుంటాయి, అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లలు ఇంట్లో ఉంటారు. మొదటి వారం చుట్టాలిళ్లకు తిప్పకండి. తాతగారి దగ్గర, ఆ ఇంట్లోనే ఉండనివ్వండి. ఎవరి దగ్గరికి వెళ్లడమైనా రెండు గంటలకు మించకుండా, ముందురోజే పిల్లలకు చెప్పి. ఒళ్లో కూర్చోబెట్టుకునే పెద్దవాళ్లకు “కాస్త అలవాటు పడనివ్వండత్తయ్యా” అని మనమే చెప్పాలి, ఆ మాట పిల్లల నోట రాకూడదు.

పన్నెండు పదమూడేళ్లు దాటిన పిల్లల్ని ఏడాదిపాటు తీసుకెళ్లడం గురించి మాత్రం ధైర్యంగా చెప్పలేను. వాళ్ల నేస్తాలు, జట్టు, పరీక్షలు అన్నీ ఒకచోట నాటుకుని ఉంటాయి. “నేను రాను, మీరు వెళ్లండి” అంటారు. దారిలో ఒక దేశం పూర్తిగా వాళ్లనే ఎంచుకోమనొచ్చు, అక్కడి బస, రైళ్లు, ఖర్చు వాళ్లకే అప్పగించొచ్చు. దానికి చాలామంది ఒప్పుకుంటారు కూడా. ఆ ఒప్పుకోలు వాళ్ల ఇష్టమా, మన ముఖం చూసి తలూపడమా అన్నది టికెట్లు కొన్నాక కూడా తేలదు. అందుకే తిరుగు ప్రయాణం టికెట్టు తేదీ మార్చుకునేలా కొనండి, వాళ్లకు ఆ సంగతి ముందే చెప్పండి.