వేప ఒక్కటే ఉన్న శ్లోకం

శతాయుర్వజ్రదేహాయ సర్వసంపత్కరాయ చ |
సర్వారిష్టవినాశాయ నింబకందళభక్షణమ్ ||

ఉగాది పచ్చడి నోట్లో వేసుకునే ముందు మా ఇంట్లో ఈ శ్లోకం చదివేది అత్తయ్యగారు. 2020 మార్చి 25, బుధవారం, శార్వరి నామ సంవత్సరాది నాడూ ఆవిడే చదివారు. ముందురోజు రాత్రే దేశమంతా లాక్‌డౌన్ అన్నారు. బెజవాడ కృష్ణలంకలో మా వీధి మొదట్లో మామిడికాయల బండి రాలేదు. బెల్లం డబ్బా అడుగున చిన్న గడ్డ ఉంది. వేపపువ్వుకు మాత్రం కొదవ లేదు, డాబా మీదికి వంగిన కొమ్మ నిండా పూతే.

"మామిడికాయ లేకుండా ఏం పచ్చడి అత్తయ్యా" అని బాధపడ్డాను.

"శ్లోకంలో మామిడికాయ ఎక్కడుందమ్మా? బెల్లమూ లేదు. వేప ఒక్కటే ఉంది" అన్నారావిడ.

అన్నేళ్ళుగా వింటున్న శ్లోకమే. ఆ సంగతి నాకు ఆ పూటే తట్టింది. నింబకందళం అంటే వేప లేతచిగురు, మన ఇళ్ళల్లో పువ్వు వేసుకుంటాం. నూరేళ్ళ ఆయుష్షు, వజ్రంలాంటి దేహం, సంపదలు, అరిష్టాల నాశనం... ఇన్ని కోరికలకూ చేతికిచ్చింది ఆ ఒక్క చేదే.

టీవీలో పంచాంగ శ్రవణం వస్తోంది. ఈ ఏటికి రాజు బుధుడన్నారు. శార్వరి అంటే రాత్రి అన్నారు. ఏటా ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు కాగితం మీద రాసుకునే మావారు ఆ రోజు కలం తియ్యలేదు. ఇంద్రకీలాద్రి మీద అప్పటికే దర్శనాలు ఆపేశారు, అమ్మవారికి సేవలన్నీ అర్చకుల చేతుల మీదుగా ఏకాంతంగానే. వసంత నవరాత్రుల్లో కొండెక్కకుండా ఉండటం నాకు ఊహ తెలిశాక అదే మొదటిసారి. డాబా మీద నిలబడి కొండ వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నాం.

ఏప్రిల్లో మా కృష్ణలంక రెడ్ జోన్ అయింది. సందు మొదట కర్రలు కట్టేశారు. పాలప్యాకెట్టుకు కూడా భయపడి, సబ్బునీళ్ళతో కడిగి లోపలికి తెచ్చుకున్న రోజులవి. రోజూ సంధ్యవేళ అదే శ్లోకం మనసులో అనుకునేదాన్ని. మా ఇంటికేమీ కాకూడదు, మావాళ్ళకేమీ కాకూడదు, అంతే నా ప్రార్థన.

మే నెలలో అది మారింది. చెన్నై వైపు నుంచి ఒడిశా, బీహార్ వెళ్ళే కూలీలు కనకదుర్గ వారధి దాటి నడిచి వచ్చేవారు. బెజవాడ ఎండ సంగతి చెప్పాలా! ఒకావిడ చంకలో పిల్లాడు, కాళ్ళకు చెప్పుల్లేవు, పాదాలకు గుడ్డపీలికలు చుట్టుకుంది. మావారు మజ్జిగ, పులిహోర పొట్లాలు పట్టుకెళ్ళేవారు, నేనూ రెండుసార్లు వెళ్ళాను. ఆ రాత్రి ఎప్పటిలా శ్లోకం అనుకోబోతే, వజ్రదేహాయ దగ్గర ఆగిపోయాను. ఎవరి దేహం? శ్లోకంలో "నా" అనే మాటే లేదు. అది నేను తెచ్చి తగిలించుకున్నది.

ఆగస్టులో అత్తయ్యగారు కరోనాతోనే పోయారు. అంబులెన్సు ఎక్కేటప్పుడు మా వైపు తిరిగి చెయ్యి ఊపారు, అదే ఆఖరు. మొహం చూసుకోలేదు, పక్కన కూర్చుని గుక్కెడు తులసి నీళ్ళు పొయ్యలేదు. ఆ లోటు తీరదు, తీరిందని నేను అననూ లేను.

2021 ఏప్రిల్ 13. ప్లవ నామ సంవత్సర ఉగాది. ప్లవ అంటే పడవ, రాత్రి గడిచి రేవు దాటిస్తుందని అందరం ఆశపడ్డాం, కానీ అప్పటికే రెండో విడత మొదలైంది. శ్లోకం చదివే పని నాకు వచ్చింది. చదివాక మా అబ్బాయి అడిగాడు.

"పోయినేడు నాన్నమ్మ ఇదే చదివింది కదమ్మా. మరి అరిష్టం పోలేదేం?"

గిన్నె పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాను. వాడి తెలుగు వాచకంలో విభక్తులు గుర్తొచ్చాయి. "చతుర్థికి ప్రత్యయాలేంట్రా?" అన్నాను.

"కొరకున్, కై."

దేహాయ, కరాయ, వినాశాయ... మూడూ చతుర్థే. అరిష్టం పోతుందని శ్లోకం మాట ఇవ్వలేదు. పోవడం కొరకు చేదు తినమంది. ఫలం అమ్మవారిది, తినడం వరకే మనది. మాస్కు, చేతులు కడుక్కోవడం, పండగపూట కూడా గడప దాటకపోవడం, ఆ ఏడాది మేం నమిలిన వేపపువ్వు అదంతా. అత్తయ్యగారూ తిన్నారు, మొహం చిట్లించకుండా. వాడికి ఇలాగే చెప్పాను, ఎంత అర్థమైందో తెలియదు.

వాడు పువ్వు నములుతూ, "ఎవరి కొరకు?" అన్నాడు.

అప్పుడే సందులో చెత్తబండి ఈల వినిపించింది. లాక్‌డౌన్ నుంచి ఒక్కరోజూ మానకుండా వస్తున్న ఆవిడ. వాడి చేత చిన్న గిన్నెలో పచ్చడి గేటు గోడ మీద పెట్టించి, ఇద్దరం నాలుగడుగులు వెనక్కి జరిగాం. ఆవిడ చేతులు కడుక్కుని, మాస్కు దించి, గిన్నె కళ్ళకద్దుకుని తిన్నది.

"వేపపువ్వు బాగా పడిందమ్మా" అంది.