హేతువు మాస్టారు వేసిన నాలుగు మార్కులు

మన కాలేజీ బ్యాచ్ సమ్మేళనం సంచికకి ఏదైనా రాయమని కమిటీ నుంచి మూడుసార్లు ఫోన్ వచ్చింది. మూడోసారి చేసింది మన కోశాధికారి. "రెండు పేజీలు దాటకురా, కోర్టులో వాదించినట్టు రాయకు" అన్నాడు. సరేనని కూర్చున్నాను. 1985 నుంచి 88 దాకా మూడేళ్ళు చదివాం కదా, తీరా తలచుకుంటే నాకు గుర్తున్నది ఒక్క కాగితం. ఫైనలియర్ అసలు జరిగిందా అని నాకే సందేహం. పట్టా ఉంది కాబట్టి జరిగే ఉంటుంది. ఇదీ అనుమాన ప్రమాణమే (కనబడేదాన్ని బట్టి కనబడనిదాన్ని తేల్చడం), మనకి తర్కం చెప్పిన హేతువు మాస్టారు వింటే సంతోషించేవారు.

సూర్యలంక పిక్నిక్, ప్రిన్సిపాల్ గారి గొడుగు, హాస్టల్ పప్పుచారు గురించి మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు. నేను హేతువు మాస్టారి దగ్గరికే వస్తాను.

తర్కంలో మన సిలబస్ అంతా అరిస్టాటిలే. మనుషులందరూ చచ్చేవాళ్ళే, సోక్రటీస్ మనిషి, కాబట్టి సోక్రటీస్ చస్తాడు. మాస్టారు దాన్ని దసరా లోపే ముగించేసి, "పాపం ఆయన్ని ఇంక ఎన్నిసార్లు చంపుతాం, మనవాణ్ణి చదువుదాం" అని అన్నంభట్టు రాసిన తర్కశాస్త్ర పుస్తకం, తర్కసంగ్రహం తీసేవారు. అన్నంభట్టు తెలుగువాడని చెప్పేటప్పుడు ఆయన మెడ కొంచెం నిటారుగా అయ్యేది. కాశీకి వెళ్ళినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడని సామెత ఉంది కదా, దాన్ని మనకి తగ్గట్టు మార్చి, "ప్యాసింజరెక్కి కాలేజీకొచ్చినంత మాత్రాన" అని నిడుబ్రోలు బ్యాచ్ వైపు చూసేవారు. పొగ ఎక్కడుంటే అక్కడ నిప్పుంటుంది, వంటింట్లో లాగ. కొండ మీద పొగ ఉంది, కాబట్టి కొండ మీద నిప్పుంది. మనకి కొండలు లేవు కాబట్టి స్టేషన్ అవతలి ఇటుకబట్టీని చూపించేవారు.

తర్వాత హేత్వాభాసాలు. హేతువులా కనబడుతుంది కానీ హేతువు కాదు. మొత్తం అయిదు. నాకు సవ్యభిచారం (హేతువు ఉన్నా, తేల్చాల్సింది లేని చోటు దొరకడం), బాధితం (అనుభవమే వాదనని కొట్టేయడం) బాగా వచ్చేవి. అసిద్ధంలో, అంటే హేతువు నిలబడడానికి చోటే లేనప్పుడు, ఆకాశంలో పూసిన తామరపువ్వు ఉదాహరణ ఒకటుంది: అది సువాసన గలది, ఎందుకంటే తామర కాబట్టి. "వాసన సంగతి తర్వాత, ముందు పువ్వేదిరా?" అని బల్ల మీద కొట్టేవారు. అప్పికట్ల వాడు ఆ రోజంతా ఖాళీ చెయ్యి చాచి అందరికీ తామరపువ్వులు పంచాడు. రెండో బెంచీ చివర కూర్చునే అమ్మాయి పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎవరో మీకు చెప్పక్కర్లేదు.

అప్పటికే నేను ఆ నవ్వు మీద పరిశోధన మొదలుపెట్టాను. ఒకరాత్రి కరెంటు పోతే లాంతరు ముందు కూర్చుని వాదనకి ఉండాల్సిన అయిదు అవయవాలూ రాశాను. ప్రతిజ్ఞ, అంటే తేల్చాల్సిన మాట: ఆమెకి నేనంటే ఇష్టం. హేతువు: నేను మాట్లాడితే నవ్వుతుంది కాబట్టి. ఉదాహరణ: ఎక్కడెక్కడ నవ్వు ఉంటుందో అక్కడక్కడ ఇష్టం ఉంటుంది, సినిమాల్లో లాగ. ఉపనయం: ఈమె కూడా అలాగే నవ్వుతోంది. నిగమనం: కాబట్టి ఇష్టమే. పేరు రాయలేదు. "రెండో బెంచీ" అని మాత్రం రాశాను, అదే తెలివి అనుకుని.

ఆ కాగితం అసైన్‌మెంటులో కలిసిపోయింది. నేనే కలిపి ఇచ్చాను.

వారం తర్వాత మాస్టారు కాగితాలన్నీ దిద్ది తెచ్చారు. ఒక్క మాట అనలేదు, నవ్వలేదు. పంచమని ఎప్పటిలాగే రెండో బెంచీకే ఇచ్చారు. ఆమె నా కాగితం నా ముందు పెట్టి, పక్క బెంచీకి వెళ్ళిపోయింది. ఎర్రసిరాలో ఇలా ఉంది: "సవ్యభిచారం. అప్పికట్ల వాడి జోకులకీ నవ్వుతుంది, వాడన్నా ఇష్టమేనా? సినిమా ప్రమాణం కాదు, వంటిల్లే నయం. నిప్పున్న చోటల్లా పొగ రాదు, కట్టె తడిగా ఉంటేనే వస్తుంది. నవ్వుకి తడి కట్టె ఏదో వెతుకు. అవయవాలు వరుసలో ఉన్నాయి. 10కి 4."

ఆ తర్వాత నేను ప్యాసింజర్లో చివరి పెట్టెకి మారిపోయాను. డిగ్రీ అయ్యేదాకా ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. ఉన్న ఒక్క హేతువూ కూలిపోయాక ఇంకా ఏం వాదిస్తాం?

1993లో, అప్పటికి నేను గుంటూరులో జూనియర్ లాయర్ని, నిడుబ్రోలు స్టేషన్లో కనబడింది. టీచరు ఉద్యోగం వచ్చిందట. రైలు గంట ఆలస్యం. వానల గురించీ, మీ అందరి గురించీ మాట్లాడుకున్నాం. రైలు కనబడుతుండగా అంది: "మాస్టారు మీ హేతువు తప్పన్నారు గానీ, ప్రతిజ్ఞ తప్పనలేదుగా?"

మాస్టారి దగ్గర మూడేళ్ళు కూర్చున్నవాణ్ణి, నాకు తట్టనే లేదు. కొండ మీద లేచింది పొగ కాదు, మంచు అనుకోండి. అంతమాత్రాన కొండ మీద నిప్పు లేదని తేలదు. నా వాదన ఒక్కటే ఓడింది. ఆ రైలు వెళ్ళిపోయింది, మేమెక్కలేదు.

ఇళ్ళల్లో గొడవ మీకు తెలిసిందే. మా నాన్నగారి ముందు ఏడాది పాటు వాదించాను. "మన వంశంలో ఇలాంటి పెళ్ళి జరగలేదు" అంటే, జరగకపోవడం జరగకూడదనడానికి హేతువు కాదన్నాను. ఒక్క వాదనా ఆయన్ని కదపలేదు. చివరికి ఒకరోజు ఊరికే ఒప్పేసుకున్నారు. ఎందుకని అమ్మనడిగితే, "విసిగిపోయార్రా" అంది. పెళ్ళికి మాస్టారు వచ్చారు. అక్షింతలు వేసి, "నిగమనం బాగుంది. హేతువు దొరికిందా?" అనడిగారు. లేదు సార్ అన్నాను. "అయితే ఆ నాలుగు మార్కులే" అన్నారు. మాస్టారిప్పుడు లేరు.

మూడు దశాబ్దాలుగా నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి భార్యాభర్తల కేసులే. దాని మీదే ఇల్లు కట్టాను, అమ్మాయిని చదివించాను. అది ఇప్పుడు గణితం పాఠాలు చెబుతోంది, తర్కం వాళ్ళమ్మ వైపు నుంచి వచ్చింది. పరస్పర అంగీకారంతో విడాకులడిగితే, హిందూ వివాహ చట్టం 13-బి కింద మొదటి పిటిషన్ వేశాక మామూలుగా ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలలు ఎందుకు పెట్టారో నాకు కోర్టు వరండాలో అర్థమవుతుంటుంది. ఒకాయన నా ముందు విడాకులకి పద్దెనిమిది కారణాలు వరుసగా చెప్పాడు, ఒక్కదాన్లోనూ లోపం లేదు. చెబుతూ చెబుతూనే, భార్య ఎండలో నిలబడిందని లేచి, తన కుర్చీ ఆవిడ కోసం నీడలోకి జరిపాడు. నిప్పు చల్లన, నీళ్ళలాగ అదీ ఒక ద్రవ్యం (వస్తువు) కాబట్టి అన్నది బాధితానికి ఉదాహరణ కదా, ముట్టుకుంటే కాలుతుంది. ఆయన వాదన అక్కడే బాధితమైపోయిందని నేను సంబరపడ్డాను. ఆరు నెలలకి ఇద్దరూ వచ్చి, నిమ్మళంగా విడాకులు తీసుకుని వెళ్ళిపోయారు. నాకు మళ్ళీ నాలుగు మార్కులే.

కాగితం స్కాన్ చేసి పంపమని కమిటీ అడిగింది. మా ఆవిడ ఒప్పుకోలేదు. ఎర్రసిరా వెలిసిపోయింది కూడా. సమ్మేళనానికి ఇద్దరం వస్తున్నాం, పప్పుచారు లేకపోతే మరీ మంచిది. అప్పికట్ల వాడు మొన్న ఫోన్ చేసి, తామరపువ్వులు పట్టుకొస్తానని ఆవిడకి చెప్పాడట. వంటింట్లో ఒక్కతే పావుగంట నవ్వింది.