గొంతు లావైంది

2017 జనవరిలో నాంపల్లి నుమాయిష్‌లో ఒక సాయంత్రం కార్యక్రమానికి యాంకరింగ్ చేశాను. అప్పటికి నాలుగు రోజులుగా జలుబు. స్టేజీ మీద మా వైపు పెట్టిన స్పీకర్ పనిచెయ్యలేదు, నా మాట నాకే వినపడలేదు. ఒకపక్క జెయింట్ వీల్ దగ్గర కేకలు, ఇంకోపక్క స్టాళ్ల మైకులు. మూడు గంటలు గొంతు చించుకున్నాను. చివర్లో బహుమతి వచ్చినవాళ్లని గట్టిగా పిలుస్తుంటే గొంతులో ఏదో చిట్లినట్టు చిన్న చురుకు. ఇన్ని నీళ్లు తాగి, కార్యక్రమం ముగించి, ఆటో ఎక్కాను. తెల్లారి మా అమ్మాయిని స్కూలుకి లేపబోతే గాలి వచ్చింది తప్ప మాట రాలేదు.

గొంతే నా బతుకుతెరువు. విజయవాడ పున్నమ్మతోటలోని ఆకాశవాణిలో కాలేజీ రోజుల్లో యువవాణి అనే యువతరం కార్యక్రమంతో మొదలుపెట్టాను. తర్వాత క్యాజువల్ అనౌన్సర్‌ని. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చి, సైఫాబాద్‌లో రెయిన్‌బో ఎఫ్ఎం డ్యూటీలు, వాటితోపాటు ఒక ప్రైవేటు టీవీ చానల్లో పొద్దున్నే ఫోన్-ఇన్ షో. క్యాజువల్ అంటే తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను: నెలకి ఆరు డ్యూటీలు, వెళ్లిన రోజుకే డబ్బులు. సిక్ లీవు లేదు. ఒక డ్యూటీ వదులుకుంటే దాన్ని అందుకోడానికి పదిమంది లైన్లో ఉంటారు. అందుకే బొంగురు పోయిన సంగతి దాచాను. ఒక వారం కాదు, ఐదు నెలలు.

దాచడానికి నా దగ్గర అన్ని విద్యలూ ఉండేవి. బుగ్గన కరక్కాయ ముక్క. ఫ్లాస్కులో మిరియాల కషాయం. అతిమధురం, పటికబెల్లం. మైకు తెరవబోయే ముందు ఖళ్ళుమని ఒకసారి సకిలించడం. ఆ సకిలింపే దెబ్బ మీద దెబ్బ అని నాకు ఎవరూ చెప్పలేదు. ఇంటి దగ్గర డాక్టరు నోరు తెరవమని టార్చి వేసి చూసి, మూడుసార్లు యాంటీబయాటిక్ రాశారు. టార్చి వేస్తే కనపడేది అంగిలి, కొండనాలుక, టాన్సిల్స్. మాట పుట్టే చోటు అంతకంటే కిందుంటుంది. అద్దమో కెమెరానో పెడితే తప్ప కంటికి ఆనదు. ఆ మాట ఆయనకి తెలియకపోదు. మూడోసారైనా ఈఎన్‌టీ దగ్గరికి పంపించి ఉండాల్సింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది నాకు.

ఏప్రిల్లో చానల్ వాళ్లు “కొన్నాళ్లు రెస్ట్ తీసుకోండి మేడమ్” అన్నారు. ఆ సోమవారమే నా కుర్చీలో వేరే అమ్మాయి కనిపించింది.

నన్ను డాక్టరు దగ్గరికి నడిపించింది ఒక శ్రోత. మే నెలలో ఒక సాయంత్రం డ్యూటీ. పాట అయిపోయింది, ఫేడర్ ఎత్తి “రెయిన్‌బో నూట ఒకటి పాయింట్” అన్నాను. “తొమ్మిది” రాలేదు. పెదాలు కదిలాయి, శబ్దం లేదు. గాజు అద్దం అవతల ఇంజినీరుగారు తలెత్తి చూశారు. గబుక్కున తర్వాతి పాట వేసేశాను. ఆ పాట నడుస్తుండగా స్టూడియో ఫోన్ మోగింది. ఎవరో మధ్యవయసు మనిషి. పాట అడగలేదు. “అక్కా, మూడు నెలలుగా వింటున్నాను, మీ గొంతు తేడాగా ఉంది. మా నాన్నగారికి ఇలాగే మొదలైంది. ఆయన జలుబే అనుకున్నారు. మీరు ఆలస్యం చెయ్యకండక్కా” అని పెట్టేశాడు. పేరు చెప్పలేదు, నేనూ అడగలేదు. వాళ్ల నాన్నగారికి ఏమైందో ఆయన చెప్పకుండానే అర్థమైంది.

ఈఎన్‌టీ డాక్టరుగారు నాలుక బయటికి పట్టుకుని, సన్నటి గొట్టం లోపలికి పెట్టి, “ఈ... అనండమ్మా” అన్నారు. టీవీ తెర మీద నా స్వరపేటిక. ఇరవై ఏళ్లుగా దాని మీద బతుకుతూ ఎప్పుడూ చూడలేదు. ముత్యం రంగులో రెండు సన్నటి మడతలు, కలుస్తూ విడిపోతూ ఉన్నాయి. కుడి మడత అంచున ఆవగింజంత ఎర్రటి బుడిపె. ఆడవాళ్లు మామూలుగా మాట్లాడేటప్పుడు ఆ స్వరతంత్రులు సెకనుకి దాదాపు 200 సార్లు కొట్టుకుంటాయట. కంటికి అందని ఆ వేగాన్ని ఆగి ఆగి వెలిగే లైటుతో నెమ్మదిగా కనపడేట్టు చేస్తారు. నుమాయిష్ నాడు జలుబుతో వాచి ఉన్న తంత్రుల్లో చిన్న రక్తనాళం చిట్లి ఉంటుందని, దాని మీద రోజూ మాట్లాడుతూ పోతే పాలిప్‌గా గట్టిపడిందని చెప్పారు. తలుపు సందులో చెప్పు ఇరుక్కున్నట్టు అది రెంటి మధ్యా అడ్డం పడుతోంది. తంత్రులు పూర్తిగా మూసుకోవు, గాలి కారిపోతుంది, మాట చీలుతుంది. “నూటికి తొంభై పాళ్లు మామూలుదే అనిపిస్తోంది. కానీ తీసి పరీక్షకి పంపితేనే చెప్పగలను” అన్నారు. ఆ మిగతా పది పాళ్లే నాతో ఇంటికొచ్చాయి.

బయట వరండాలో నాతోపాటు కూర్చున్నవాళ్లలో ఇద్దరు టీచరమ్మలు, ఒక పురోహితుడుగారు, కూరగాయల బండాయన. అందరిదీ గొంతు మీద నడిచే బతుకే. మూడు నాలుగు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే గొంతు లోపల చూపించుకోవాలన్న ముక్క అక్కడ ఎవరికీ ముందు తెలియదు.

జూన్‌లో ఆపరేషన్. మత్తిచ్చి, నోట్లోంచే మైక్రోస్కోపుతో చూస్తూ తీశారు, బయట కోత లేదు. మెలకువ వచ్చాక నాలుక మొద్దుబారి ఉంది. ఏడు రోజులు మాట్లాడకూడదన్నారు. గుసగుస కూడా వద్దు, దానికీ తంత్రులు బిగుసుకుంటాయట.

ఆ ఏడు రోజులు మా అమ్మాయి పలక నా మెడలో. అత్తయ్య నాకు వినపడదేమో అన్నట్టు గట్టిగట్టిగా మాట్లాడేవారు. ఎవరినైనా పిలవాలంటే గ్లాసు మీద చెంచాతో కొట్టేదాన్ని. మూడోరోజు రాత్రి మా అమ్మాయి కలవరించి ఏడిస్తే దగ్గరికి తీసుకుని వీపు నిమిరాను. “అమ్మా, ఏదైనా అను” అంది నిద్రలోనే. దాని చెయ్యి తీసి నా గుండె మీద పెట్టాను. ఏడు రోజులు నోరు మూసుకోవాల్సి రావడం కాదు, ఆ ఒక్క క్షణం ఓర్చుకోవడమే నాకు కష్టమైంది.

విజయవాడ నుంచి అమ్మ రోజూ సాయంత్రం ఆరింటికి ఫోన్ చేసేది. తను మాట్లాడేది, నేను గోటితో ఫోన్ మీద తట్టేదాన్ని. ఒకసారి తడితే ఔను, రెండుసార్లయితే కాదు. “అన్నం తిన్నావా?” టక్. “నొప్పిగా ఉందా?” టక్ టక్. ఆరోరోజు బయాప్సీ రిపోర్టు వచ్చింది. మామూలుదే, క్యాన్సర్ కాదు. “రిపోర్టు బాగుందా?” అని అమ్మ అడిగితే టక్ అని ఒక్కసారే కొట్టాను. అవతల చాలాసేపు మాట లేదు.

అసలు కథ ఆ తర్వాతే. ఎనిమిదోరోజు స్పీచ్ థెరపిస్ట్ ముందు కూర్చున్నాను. సగం గ్లాసు నీళ్లు, ఒక స్ట్రా. స్ట్రా కొస రెండు వేళ్ల లోతు ముంచి, “ఊ...” అంటూ బుడగలు తెప్పించాలి. నీళ్ల ఒత్తిడి ఎదురుగా కొద్దిగా గాలిని పట్టి ఉంచుతుంది, దాంతో తంత్రులు ఒకదాన్నొకటి మోదుకోకుండా సుతారంగా తగులుతాయి. మొదటిరోజు ఒక్క బుడగ వచ్చి ఆగిపోయింది. ఇంటికి తెచ్చుకుని రోజుకి ఐదారుసార్లు చేశాను. తర్వాత పెదాలు బుర్రుమనిపించడం, మూసిన నోటితో “మ్” అనడం. సకిలింపు వస్తే ఒక గుక్క నీళ్లు మింగడం. రాత్రి ఎనిమిదిలోపు భోజనం, ఎందుకంటే పుల్లటి తేన్పులు కూడా పైకి వచ్చి తంత్రుల్ని కాలుస్తాయి. మాట గంటకి ఐదు నిమిషాలతో మొదలై, పదికి, పావుగంటకి పెరిగింది.

మూడోవారం ఆవిడ నా పాత టీవీ షో క్లిప్పు ఒకటి వేసి, తర్వాత నన్ను మామూలుగా ఒకటి నుంచి పది లెక్కపెట్టమన్నారు. “రెండూ వేరు వేరు గొంతులు. మీది ఏది?” అన్నారు.

నేను జవాబు చెప్పలేకపోయాను. షో చేసినన్నాళ్లూ చెవిలో ప్రొడ్యూసర్ “ఎనర్జీ మేడమ్, ఎనర్జీ” అంటూనే ఉండేవారు. ఎనర్జీ అంటే అక్కడ అర్థం ఒక్కటే, స్వరం పైకెత్తడం. ఏళ్ల తరబడి ఎత్తీ ఎత్తీ అదే నా గొంతనుకున్నాను. మరి నేను విని పెరిగినవి ఏవి? ఆదివారం మధ్యాహ్నం మా వీధిలో అన్ని రేడియోల్లోంచీ ఒకేసారి వినపడే ఉషశ్రీగారి రామాయణం. 1983 నుంచి దూరదర్శన్‌లో తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్‌గారు. టెలిప్రాంప్టర్ లేని రోజుల్లోనూ నిదానంగా, మనింట్లో కూర్చుని చెప్పినట్టు చదివిన మనిషి. వాళ్లెవరూ అరవలేదు. పున్నమ్మతోటలో నాకు మైకు ముందు కూర్చోవడం నేర్పిన పెద్దావిడ కూడా “మైకు జానెడు దూరంలో ఉందే పిల్లా. ఊరవతల లేదు. పోపు వేసుకుంటున్న ఒక్కావిడకి చెప్పు, చాలు” అనేవారు. ఆ మాట నేను టీవీకి వెళ్లాక మర్చిపోయాను.

ఆ గొంతుని వెనక్కి తెచ్చుకోడానికి నాలుగు నెలలు పట్టింది. మధ్యలో డబ్బులకి కటకటలాడాం, మా ఆయన స్కూటీ అమ్మేశారు. ఆగస్టులో ఒక చానల్ నుంచి పిలుపొచ్చినా వెళ్లలేదు. పిరికితనం అన్నవాళ్లున్నారు. నేను మాత్రం అది నా శరీరానికి నేను ఇచ్చిన మాట అనుకున్నాను.

అక్టోబరులో మళ్లీ డ్యూటీ పడింది, ఉదయం షిఫ్టు. ఐదింటికే వెళ్లి డ్యూటీ రూములో కూర్చుని, స్టీలు గ్లాసులో స్ట్రా పెట్టి బుడగలు ఊదుకున్నాను. డ్యూటీ ఆఫీసరుగారు లాగ్ బుక్ రాసుకుంటూ ఏమీ అడగలేదు, ఫ్యాను మాత్రం తగ్గించారు. స్టూడియోలో హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. ఎర్ర లైటు వెలిగింది. ముందు సమయం చెప్పాను, తర్వాత స్టేషన్ పేరు. “తొమ్మిది” దాకా వచ్చేసరికి అరచేతుల్లో చెమట. వచ్చింది. నిండుగా, కిందిస్థాయిలో వచ్చింది.

విజయవాడకి మా ఎఫ్ఎం అందదు. మా ఆయన ఇంట్లో రేడియో పక్కన ఫోన్ పెట్టి అమ్మకి గంటసేపు వినిపించారు. డ్యూటీ దిగి బయటికి వచ్చి, అసెంబ్లీ ఎదురుగా ఫుట్‌పాత్ మీద నిలబడి అమ్మకి ఫోన్ చేశాను.

“గొంతు లావైందేమే, ఇదివరకు టీవీలో సన్నగా ఉండేది. ఇంక ఇంతేనా?” అంది.

“ఇంతేనమ్మా. ఇదే నాది.”

“సరేలే. ఏమన్నా తిన్నావా?”

నోటితో చెప్పకుండా ఫోన్ మీద రెండుసార్లు తట్టాను.