హెల్మెట్‌లో ఇమిడే కళ్లద్దాలు

కళ్లద్దాల దుకాణంలో హెల్మెట్ పెట్టుకుని అద్దం ముందు నిలబడితే అందరూ నన్నే చూశారు. చూడనివ్వండి! లావుపాటి కాడలైతే హెల్మెట్ లోపల చెవుల పైన నొక్కేసి తలనొప్పి తెప్పిస్తాయి. అది వట్టి తలతో చూసుకుంటే తెలియదు.

శుక్లాల ఆపరేషన్ తర్వాత దూరం చూపు భేషుగ్గా ఉంది. ఆకాశం ఇంత నీలమని మరచిపోయాను. కంట్లో అమర్చిన లెన్సు దూరానికి సరిపెట్టింది కాబట్టి స్పీడోమీటరు అంకెలు మాత్రం మసకే. పైగా విజయవాడ ఎండ, దుమ్ము.

దుకాణం అబ్బాయి రోడ్డు మీది మెరుపును తగ్గించే పోలరైజ్డ్ అద్దాలను తెగ పొగిడాడు. అవి పెట్టుకుని బయటికొచ్చి బండెక్కి చూస్తే డిజిటల్ మీటరు నల్లబడిపోయింది! తల పక్కకు వంచితే మళ్లీ కనిపించింది. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో కొంగలా మెడ వంచుకుంటూ పోవాలా? వద్దన్నాను.

చివరికి సన్న కాడలు, అంత తేలిగ్గా పగలని పాలీకార్బనేట్ ప్లాస్టిక్ అద్దాలు, 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దాకా అతినీలలోహిత కిరణాలను ఆపే పూత, కింది అంచున దగ్గరి చూపుకు కాస్త పవరు. పగటికి లేత రంగు, రాత్రికి రంగు లేని జత.

"బండి కొన్నప్పుడు కూడా ఇంత బేరం చేయలేదు" అంది మా ఆవిడ. గురువారం ఇస్తారట. అప్పటిదాకా ఆటోనే.