లారీ వచ్చే ముందు రాత్రి

రేపు ఉదయం 7 గంటలకు ప్యాకర్స్ వాళ్లు వస్తారు. విజయవాడలో 11 ఏళ్లు ఉన్న ఇల్లు ఇది. ఎల్లుండి నుంచి హైదరాబాద్.

పోయినసారి ఇల్లు మారినప్పుడు ఫ్రిజ్‌ను చివరి నిమిషం దాకా ఆపలేదు. దారిలో మంచు కరిగి, పక్కనున్న పరుపు మొత్తం తడిసిపోయింది. అందుకే ఈసారి నిన్న సాయంత్రమే స్విచ్ ఆపి, తలుపు తెరిచి, తుడిచి ఆరబెట్టాను. గ్యాస్ సిలిండర్, రెగ్యులేటర్ ఏజెన్సీలో అప్పగించి బదిలీ వోచర్ తీసుకున్నాను. సిలిండర్‌ను సామాన్లతో పాటు లారీలో ఎక్కించడం ప్రమాదం, ఎవరు సరేనన్నా ఒప్పుకోకండి. టీవీ వెనక తీగలు తీసే ముందు ఫోనులో ఫొటో తీసుకున్నాను. బంగారం, సర్టిఫికెట్లు, నాన్నగారి మందులు నా చేతిసంచిలోనే ఉంటాయి.

ఆవకాయ జాడీని మాత్రం అమ్మ ఎవరి చేతికీ ఇవ్వనంది. దానికి గట్టిగా వాసెన కట్టి, కారులో ఒళ్లో పెట్టుకుని తెస్తుందట. అది అమ్మమ్మ జాడీ. నేను కాదనలేదు.

వంటగది గుమ్మం పక్కన పాప ఎత్తు కొలిచిన పెన్సిల్ గీతలున్నాయి. వాటిని వదిలి వెళ్లలేక, ఇందాకే గోడకు పొడవాటి కాగితం ఆనించి ఒక్కొక్క గీతనూ తేదీతో సహా దించుకున్నాను.